చిలుకమ్మ సర్దిన రాళ్లు

మక్కచేనుకు కాపలా ఉన్నవాళ్లను వాగొడ్డుపల్లె చూసింది. కోళ్లఫారానికి కాపలా ఉన్నవాళ్లను చూసింది. ఎన్నికలప్పుడు బడి గదిలో పెట్టిన డబ్బాలకు తుపాకులతో కాపలా ఉన్నవాళ్లను కూడా చూసింది. రాళ్లకు కాపలా ఉన్న మనిషిని మాత్రం యాకయ్య ఒక్కణ్ణే చూసింది. చూసి ఊరుకుంటే అది ఊరెందుకవుతుంది? టేకుమట్ల దాటి వాగు మలుపు తిరిగితే వచ్చే రెండు వాడల పల్లె అది. ఎవరినో ఒకరిని చూసి నవ్వుకోనిదే అక్కడ పొద్దు గూకదు.

సంగతేమిటంటే, ఒక కంపెనీ వాళ్లు ఊరి పక్కన బోరు బండి దించారు. నీళ్ల కోసం కాదు. నేల అడుగున ఏ రాయి మీద ఏ రాయి కూర్చుని ఉందో చూడటానికి. ఆ బండి లోపలికి గొట్టం దింపి, మణికట్టంత లావున్న గుండ్రటి రాతి కడ్డీలను జానెడూ మూరెడూ ముక్కలుగా పైకి లాగేది. వాటిని వచ్చినవి వచ్చినట్టు పొడుగాటి రేకు పెట్టెల్లో వరసగా పేర్చేవారు. పైనుంచి వచ్చింది ముందు, లోతునుంచి వచ్చింది తర్వాత. పని అయ్యాక బండి రేగొండ వైపు వెళ్లిపోయింది. పెట్టెలను యాకయ్య వాకిట్లోని రేకుల కొట్టంలో పెట్టి, ఆయనకు నెలజీతం మాట్లాడి, ఒక ఖాకీ చొక్కా, టార్చిలైటు, విజిల్ ఇచ్చి పోయారు.

చొక్కాతోనూ టార్చితోనూ ఊరికి పేచీ లేదు. తంటా అంతా విజిల్‌తోనే వచ్చింది. యాకయ్యది రెండెకరాల పత్తి చేను. యాభై ఏళ్ల బతుకులో ఆయన మాట ఇంట్లో భార్య వినలేదు, చేనులో ఎద్దు వినలేదు. అలాంటి మనిషి మెడలో విజిల్ పడింది. ఊదితే ఊరంతా తిరిగి చూస్తోంది. ఇక ఆగుతాడా? కుక్క వస్తే ఊదాడు, మేక వస్తే ఊదాడు, పోస్టుమాన్ వస్తే ఊదాడు. ఆయన బామ్మర్ది ఐలేశ్‌కు టేకుమట్లలో బండ్లు బాగుచేసే షాపు ఉంది, బండ్లకన్నా నోరు బాగా నడుస్తుంది. రోజూ పొద్దున షాపుకు పోతూ కొట్టం ముందు ఆగి, రాళ్లు గుడ్లు పెట్టినయా బావా అని అడిగి పోయేవాడు.

యాకయ్య ఇవన్నీ ఓర్చుకున్నాడంటే దానికి కారణం సౌందర్య. మొగుళ్లపల్లి ప్రభుదాస్ సారు బిడ్డ. రాళ్ల చదువు పెద్దగా చదివి, కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తోంది. స్కూటీ మీద వస్తుంది, మెడలో చిన్న భూతద్దం వేలాడేసుకుంటుంది, యాకయ్యను చిన్నాన్న వరసలో కాక అని పిలుస్తుంది. ఒకరోజు ఆ పిల్ల ఒక మాట చెప్పింది. ఈ రాళ్లన్నీ భూపాలపల్లిలో ఉన్న గోదాముకు పోతాయి. అక్కడ పర్మనెంటుగా ఒక మనిషి కావాలి. మంగళవారం హైదరాబాదు నుంచి పెద్దసారు వస్తున్నాడు. కడ్డీల్లో ఒకచోట నల్లరాయి వచ్చిందని బోరువాళ్లు ఫోనులో చెప్పారట, దాన్ని చూడటానికే వస్తున్నాడు. తాను రేగొండ బోరు దగ్గర చిక్కుకుపోయింది కాబట్టి సోమవారం వచ్చి రాళ్లన్నీ చూసి ఫొటోలు తీసుకుంటుంది. మంగళవారం సారు చూసి బాగుందంటే, గోదాముకు యాకయ్య పేరే చెబుతుంది.

"ఒక్కటే కాక, రాళ్లు ఎట్ల వచ్చినయో అట్లనే ఉండాలె," అంది. "వరసే వీటి చదువు. వరస పోయిందంటే గోడకు పెట్టుకునే రాళ్లకూ వీటికీ ఫరక్ ఉండది."

ఆ రోజు నుంచి యాకయ్యకు నిద్రలో కూడా గోదామే. గోదాము, దాని ముందు ఒక కుర్చీ, ఆ కుర్చీలో తాను. పత్తికి పురుగు తగిలినా జీతం వస్తుంది, వాన రాకపోయినా జీతం వస్తుంది. ఐలేశ్ తన బండి మీద భూపాలపల్లికి వచ్చి, గేటు బయట నిలబడి, బావా లోపలికి రావొచ్చా అని అడుగుతాడు. యాకయ్య వెంటనే జవాబు చెప్పడు. ఈ కల ఆయనకు ఎంత ముద్దొచ్చిందంటే, దాన్ని పగలు కూడా కనడం మొదలుపెట్టాడు.

ఇంతలో శనివారం జనగామలో మేనల్లుడి పెళ్లి వచ్చి పడింది. మేనమామ పోకుంటే పెళ్లికొడుకు పీటల మీద కూర్చోడు, చెల్లెలు బతికినన్నాళ్లు ఎత్తిపొడుస్తుంది. యాకయ్య విజిల్ తీసి భార్య చిలుకమ్మ చేతిలో పెట్టాడు. రాళ్లను ఎవ్వలనూ ముట్టనియ్యకు అని మూడు సార్లు చెప్పాడు. మంగళవారం పెద్దసారు వస్తాడు, జర భద్రం అని కూడా చెప్పాడు. చెప్పినవాటిలో ఆ రెండో మాటే కొంప ముంచింది.

చిలుకమ్మ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆమె ఇంట్లో గోడకు మూడు అరలున్నాయి. వాటి మీద స్టీలు గిన్నెలు, చెంబులు, తట్టలు పెద్దదాని పక్కన చిన్నది, చిన్నదాని పక్కన ఇంకా చిన్నది వరసగా నిలబడి ఉంటాయి. వాటిల్లో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. చుట్టం వస్తున్నాడంటే ఆమె చేతులు ఆగవు. వాకిలి అలుకుతుంది, గిన్నెలన్నీ దించి చింతపండు పెట్టి తోముతుంది, మళ్లీ ఒద్దికగా పేరుస్తుంది. చుట్టం వచ్చి వాటివైపు చూడకపోతే ఆ చుట్టానికి రెండోసారి కూర వడ్డించదు.

సోమవారం పొద్దున యాకయ్య లడ్డూల పొట్లం పట్టుకుని ఆటో దిగాడు. వాకిలి పచ్చగా అలికి ఉంది. ముగ్గు వేసి ఉంది. కొట్టంలో రాళ్లు తళతళ మెరుస్తున్నాయి. చూడగానే ఆయనకు ముచ్చటేసింది. మొదటి రెండు పెట్టెల్లో తెల్లరాళ్లు, మూరెడుది మొదలుకుని బొటనవేలంతది దాకా. తర్వాత ఎర్రరాళ్లు, అవీ అట్లాగే. తర్వాత బూడిదరంగువి. ఎక్కడా వంకర లేదు. ఎంత బాగున్నాయి అనుకున్నాడు. ఆ తర్వాత ఇంకో నిమిషానికి గాని ఆయనకు సంగతి తట్టలేదు. తట్టాక లడ్డూల పొట్లంతో సహా ముగ్గులో కూలబడ్డాడు.

చిలుకమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. మెచ్చుకుంటాడనుకుంది పాపం.

"ఎవ్వలను ముట్టనియ్యకన్న గదనే," అన్నాడు యాకయ్య.

"ఎవ్వలను ముట్టనియ్యలే. మేకను గూడ రానియ్యలే. నేను ఎవ్వలన్ననా?"

ఆమె లెక్క ప్రకారం తప్పేమీ లేదు. పెద్దసారు వస్తున్నాడు. రాళ్ల మీద చూస్తే బోరు బురద అట్టలు కట్టి ఉంది. పైగా ఎవరో పనిలేనివాడు ఒక్కొక్క రాయి మీద రంగుతో పిచ్చి అంకెలు గీకి పెట్టాడు. ఆ అంకెలు పోవడానికి కొబ్బరిపీచూ ఇటుకపొడీ వాడి, రెండు రోజులు రెక్కలు ముక్కలు చేసుకుంది. రాళ్ల మధ్య మధ్య చిన్న చెక్కముక్కలు ఉంటే తీసి నీళ్లపొయ్యిలో పెట్టింది. వాటి మీద లోతు ఎంతో రాసి ఉంటుందని ఆమెకు ఏ దేవుడు చెప్పాలి? ఒక వరస నల్లరాళ్లు ఉన్నాయి, ఎంత తోమినా నల్లదనం పోలేదు, బొగ్గే కదా అని వాటిని కూడా పొయ్యిలోనే పెట్టింది. పేర్చగా వరసకు కుదరని ముక్కలు కొన్ని మిగిలితే, అడిగినవాళ్లకు కాదనకుండా ఇచ్చేసింది. ఇల్లాలితనంలో ఎక్కడా లోపం లేదు. యాకయ్య ఉద్యోగం ఒక్కటే పోయింది.

పన్నెండు గంటలకు సౌందర్య స్కూటీ వచ్చింది. యాకయ్య ఖాకీ చొక్కా విప్పి, మడత పెట్టి, దాని మీద టార్చీ విజిలూ పెట్టి, పెండ్లికి కట్నం చదివించినట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల పెట్టెల వైపు చూసింది. మూత తీసిన ప్రతి పెట్టె ముందూ ఒక్క క్షణం నిలబడింది. చివరి పెట్టె దాకా వెళ్లి, గచ్చు మీద కూర్చుని, మోకాళ్ల మీద తల పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని చిలుకమ్మ మంచినీళ్లు తెచ్చింది. కాదు, నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, చొక్కా తొడుక్కో కాక అంది. రాళ్లు తమ వరస తాము మరిచిపోవని, అడగడం తెలియాలి గాని అవే చెబుతాయని అంది.

ఎట్లా చెబుతాయో అర్థం కావడానికి ఆమె వాళ్లకు మొన్నటి వరదను గుర్తు చేసింది. వాగు పొంగినప్పుడు ఐలేశ్ చెలకలోకి నీళ్లు ఎక్కాయి కదా, తీశాక అక్కడ ఏం మిగిలింది? అడుగున గులకరాళ్లు, వాటి మీద దొడ్డు ఇసుక, దాని మీద సన్న ఇసుక, అన్నిటికన్నా పైన ఒండ్రు. వాగు ఊపు మీద ఉన్నప్పుడు పెద్దరాయిని కూడా మోసుకొస్తుంది. ఊపు తగ్గేకొద్దీ బరువైనది ముందు దించుతుంది, సన్నది తర్వాత దించుతుంది. నీళ్లు నిలబడిపోతే ఒండ్రు కూర్చుంటుంది. దాని మీద చెట్లు మొలిచి, కూలి, కుళ్లి, నల్లబడతాయి. మళ్లీ వరద వస్తుంది, మళ్లీ గులకరాళ్లతో మొదలు. మనిషి పుట్టకముందు ఇక్కడ పారిన ఏళ్లు ఇట్లాగే ఒకదాని మీద ఒకటి పరుచుకుంటూ పోయాయి, అదే గట్టిపడి ఈ రాళ్లయింది. కాబట్టి ఏ రాయిలో రేణువు దొడ్డుగా ఉందో, ఏ రాయిలో సన్నగా ఉందో చూసుకుంటూ పోతే ఒక్కో వరద కథ దొరుకుతుంది. అది దొరికితే పక్క కథ దొరుకుతుంది.

యాకయ్యకు సగం అర్థమైంది. మిగతా సగం ఆశతో పూడ్చుకున్నాడు.

మొదటి పని, పంచిపెట్టిన ముక్కలు వెనక్కి తేవడం. ఇచ్చిన రాయిని తిరిగి అడగడమంత నామోషీ పని లోకంలో ఇంకోటి లేదు. పక్కింటి సుక్కి అవ్వ తన ముక్కతో ఎల్లిగడ్డ దంచుకుంటోంది. అంత మంచి గుండ్రాయి తన జన్మలో చూడలేదని, ఇయ్యనంటే ఇయ్యనని కూర్చుంది. చివరకు యాకయ్య తన ఇంటి పొత్రం తెచ్చి మారకం వేశాడు. ఎదురింటి నర్సమ్మ తన ముక్కను కోడిపిల్లల గంప మీద బరువు పెట్టింది. అది తీయగానే పిల్లలు నాలుగు దిక్కులా పారిపోయాయి, వాటిని పట్టి మళ్లీ కమ్మేదాకా రాయి దక్కలేదు. ఐలేశ్ షాపులో ఆటో చక్రం కింద ఉన్న ముక్క కోసం టేకుమట్ల దాకా పోవలసి వచ్చింది. ఐలేశ్ రాయి ఇచ్చాడు గాని, ఊరికే ఇవ్వలేదు. తన షాపు మూసి, తమాషా చూడటానికి వెంట వచ్చాడు.

అప్పటికి వాకిట్లో సగం ఊరు కూర్చుని ఉంది. సౌందర్య గోనెసంచులు పరిపించి, రాళ్లన్నిటినీ దించి, పని పంచింది. భూతద్దం చేతులు మారింది. గరుకు రేణువులు కోణాలతో ఉంటే అది దగ్గరి గుట్టనుంచి వచ్చిందని, నున్నగా గుండ్రంగా ఉంటే దూరం దొర్లి దొర్లి వచ్చిందని చెప్పింది. ఎర్రటివి గాలి తగిలి తుప్పుపట్టిన ఇసుకలు, బూడిదరంగువి నీళ్ల అడుగున ఊపిరాడకుండా పడి ఉన్నవి. తెల్లరాళ్లు రెండు అచ్చం ఒకే తీరుగా ఉంటే, చిన్న సీసాలోంచి ఆసిడ్ చుక్క వేసింది. ఒకదాని మీద చుక్క సుర్రున పొంగింది. అందులో రేణువులను సున్నం పట్టి ఉంచిందట. రెండోది కిమ్మనలేదు. దానిలో ఉన్నది తెల్లమట్టి. చిలుకమ్మకు మాత్రం తోమిన రాయి మీద మరక చేసిందని ప్రాణం ఉసూరుమంది.

ఒండ్రు రాళ్ల దగ్గర చిక్కొచ్చింది. కంటికి అన్నీ ఒకటే, వేలికి అన్నీ ఒకటే. సౌందర్య ఒక పెచ్చు తీసి నోట్లో వేసుకుని ముందుపళ్లతో కొరికింది. ఊరు నోరు తెరిచింది. ఆ పిల్ల ఏమీ సిగ్గుపడలేదు. పళ్ల కింద కరకరలాడితే సన్న ఇసుక కలిసినట్టు, వెన్నలా జారితే ఉత్త మట్టి అని, రాళ్ల చదువులో ఇది అందరూ చేసేదే అని చెప్పి, పెచ్చులు తలా ఒకటి పంచింది. ఇక చూడాలి. ప్రసాదం తిన్నట్టు అందరూ కళ్లు మూసుకుని కొరుకుతున్నారు. నర్సమ్మ ఇది కొత్తేం కాదంది, రేషన్ బియ్యం తిన్న నోటికి ఏ రాయి ఎట్లుంటదో ఒకరు చెప్పాల్నా అంది. సుక్కి అవ్వకు పళ్లు లేవు. అయినా తన వంతు పెచ్చు అడిగి తీసుకుని, చప్పరించి, ఉప్పు తక్కువైంది అని తీర్పు చెప్పింది.

రేణువుల సంగతి తేలాక విరుగుళ్లు. ఒక రాయి చివర ఎట్లా విరిగిందో, దాని పక్క రాయి చివర సరిగ్గా అట్లాగే విరిగి ఉంటుంది. జత కుదిరితే వెంట్రుక కూడా దూరదు. ఆడవాళ్లు ఇందులో పడ్డారంటే లేవలేదు. ఏది కుదిరినా అందరికీ పెళ్లి కుదిర్చినంత సంబరం. యాకయ్య కూడా ఒక జత కలిపాడు. కలిపి విజిల్ ఊదాడు. సౌందర్య చూసి, రెండోది తలకిందులుగా ఉందని మెల్లగా చెప్పింది. రాతిలో వాలుగా పోయే సన్న గీతలు కిందికి వచ్చేసరికి వంపు తిరిగి నేలకు ఆనుకుంటాయి, పైన మాత్రం కోసేసినట్టు ఉంటాయి, అందుకని ఏది తలో ఏది కాలో తెలుస్తుందట. యాకయ్య విజిల్‌ను చొక్కాలో దాచుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు పెట్టెలు నిండాయి. లోతునుంచి పైకి చూసుకుంటూ వస్తే గులక, దొడ్డు ఇసుక, సన్న ఇసుక, ఒండ్రు. మళ్లీ గులక. ఒకచోట మాత్రం, బూడిదరంగు ఒండ్రు అయిపోయి తర్వాతి గులక మొదలవ్వక ముందు, ఒక వరస ఖాళీ. నల్లరాయి ఉండవలసిన చోటు. పొయ్యిలోకి పోయింది అదే.

యాకయ్య దిగులు మళ్లీ మొదటికి వచ్చింది. సౌందర్య ఆ ఖాళీలో ఏమీ పెట్టనియ్యలేదు. "లేనిదాన్ని లేదని చెప్తం కాక. జరిగింది నేనే సారుకు చెప్త," అంది. చెప్పి మొగుళ్లపల్లికి వెళ్లిపోయింది. అబద్ధం ఆడని మనిషిని నమ్ముకున్నవాడికి నిద్ర ఎక్కడిది?

తెల్లారుతూనే ఐలేశ్ వచ్చాడు. చేతిలో సంచి. నవ్వడం అతని పనే గాని, బావ ఉద్యోగం పోతే అక్క ఇంట్లో గంజి పలచబడుతుందని అతనికీ తెలుసు. భూపాలపల్లి రోడ్డు మీద బొగ్గు లారీలు గుంతల్లో ఎగిరినప్పుడు రాలిన బొగ్గు ఏరుకొచ్చాడు. వాటిని షాపులో ఆకురాయితో రుద్ది రుద్ది గుండ్రంగా చేశాడు. ఖాళీ వరసలో పేరిస్తే అచ్చం అక్కడే పుట్టినట్టు కూర్చున్నాయి. నల్లరాయి కావాలన్నడు, నల్లరాయే ఉన్నది, ఇంకేం పరేషాన్ బావా అన్నాడు. యాకయ్యకు వద్దనాలనే ఉంది. కాని కుర్చీ కనబడింది. గేటు కనబడింది. వంకరగా ఉన్న ఒక ముక్కను తానే సరిచేశాడు. చిలుకమ్మ వాకిలి ఊడుస్తూ ఇదంతా చూసింది, చీపురు కాస్త గట్టిగా కొట్టింది.

పదిగంటలకు తెల్ల జీపు వచ్చింది. పెద్దసారు పొట్టి మనిషి, పెద్ద మీసాలు. గోదావరి జిల్లాల మాట. జీపు దిగుతూనే కొట్టంలోకి పోయాడు. మొదటి పెట్టె దగ్గర వంగినవాడు ఇక నడుము ఎత్తలేదు. రాయి వెంట రాయి చూసుకుంటూ, తనలో తాను తల ఊపుకుంటూ పోతున్నాడు. ఒండ్రు రాళ్ల దగ్గరికి వచ్చాడు. అలవాటు ప్రకారం ఒక రాయి అంచు పళ్ల కింద పెట్టుకున్నాడు. పెట్టుకుని ఆగిపోయాడు. మళ్లీ రుచి చూశాడు. అమ్మాయ్, దీనిలో వెల్లుల్లి ఎందుకుంది అని అడిగాడు. సౌందర్యకు దగ్గు తెర వచ్చింది. గుమ్మంలో సుక్కి అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సౌందర్య గొంతు సవరించుకుని, సార్ ఒక విషయం చెప్పాలి అని మొదలుపెట్టింది. అప్పుడే సారు ఆ వరస దగ్గరికి చేరాడు. నల్లగా, నిగనిగలాడుతూ, వరస పొడుగునా బొగ్గు. సారు మొహం చేటంత అయింది. సౌందర్య ఆ వరసను చూసింది, యాకయ్యను చూసింది. ఆ చూపుకు యాకయ్య తేలు కుట్టిన దొంగలా నేల చూశాడు. సార్, నిన్న ఇది ఇక్కడ లేదు అని ఆ పిల్ల అంటూనే ఉంది, సారు వినడం లేదు. అప్పటికే ఫోను చెవి దగ్గర ఉంది.

"ఆఁ, దొరికిందండీ. మంచి సరుకే. ఊరి కిందికే వెళ్తున్నట్టుంది. ఇంకో నాలుగు బోర్లు వేయిద్దాం. ఈలోగా చుట్టుపక్కల భూములు ఎవరెవరివో లెక్క తీయించండి."

భూములు అన్న మాట కొట్టంలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వాడలోకి పోయింది. బొగ్గు కోసం తవ్వితే ఊళ్లు ఎట్లా లేచిపోతాయో ఆ చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కర్లేదు. నర్సమ్మ కోడిపిల్లల గంప వదిలేసింది. ఐలేశ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పోయిన ఏడే అతను స్లాబ్ ఇల్లు కట్టుకున్నాడు. తన చేత్తో రుద్దిన బొగ్గు తన ఇంటి మీదికే వచ్చింది. యాకయ్యకు రెండెకరాల పత్తి కనబడింది, వాకిలి కనబడింది, గిన్నెల అరలు కనబడ్డాయి. కుర్చీ ఎక్కడా కనబడలేదు. మాట్లాడాలి. ఏమని? చెయ్యి దానంతట అదే చొక్కాలోకి పోయి విజిల్ తీసింది. ఊదాడు. మేకకు ఊదినట్టు కాదు, కడుపులో ఉన్న గాలంతా పోయేలా ఊదాడు.

సారు చేతిలో ఫోను జారి ఇసుకరాళ్ల మధ్య పడింది. ఏమైందయ్యా, ఎవరేం ముట్టుకున్నారని అరిచాడు.

"నేనే ముట్టిన సారు," అన్నాడు యాకయ్య. "గది మా భూమిల రాయి కాదు. రోడ్డు మీది బొగ్గు. నౌకరీ పోతదని నేనే పెట్టిన."

బామ్మర్ది పేరు చెప్పలేదు. ఐలేశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ తర్వాత వారం రోజులు అతను ఎవరినీ ఏమీ అనలేదు.

సారు మీసాలు అదురుతున్నాయి. మరి అసలు రాయి ఏదని అడిగాడు. అది కాలి బూడిదైందని అందరూ అనుకున్నారే గాని, చిలుకమ్మను అడిగినవాళ్లు లేరు. జవాబు ఆమె దగ్గర ఉంది. ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని పెరట్లోంచి వచ్చింది, సారు ముందు దించింది. పెంటకుప్ప మీదినుంచి ఏరుకొచ్చిన రాళ్లు. అంచులు తెల్లగా బూడిదబారాయి, పైన బీటలు వారాయి, అంతే. గుండ్రటి రూపం అట్లాగే ఉంది.

"నీళ్లపొయ్యిల పెట్టిన సారు. పొగ పెట్టి కండ్లు పోయినయి గని, నీళ్లు గోరువెచ్చగ గూడ కాలే. మల్ల కట్టెలు పెట్టుకున్న."

సారు ఒక ముక్క తీసుకుని చేతిలో తూచాడు. విరిచాడు. భూతద్దం పెట్టాడు, పళ్లకు పెట్టాడు. కోపం మీద ఉన్నవాడు కాస్తా చదువులో పడిపోయాడు. పొరలు పొరలుగా రేకుల్లా విడిపోతున్న ఉత్త మట్టిరాయి, ఏనాటివో ఆకులు కుళ్లి రంగు పట్టింది తప్ప బొగ్గు కాదు. ఆకులకన్నా ఒండ్రే ఎక్కువ పడ్డ మడుగు ఇది సార్ అని సౌందర్య అప్పుడు వరస మొత్తం చూపించి చెప్పింది. ఒండ్రు, ఆకు, దాని మీద వెంటనే గులక. అడవి నిలబడేలోపే ఏరు మళ్లీ వచ్చి పడింది. అందుకే బొగ్గు తయారయ్యే తీరిక దొరకలేదు. సారు ఫోను దులుపుకుని, ఇందాక చెప్పింది కొట్టేయండి, ఇక్కడేం లేదు అని చెప్పాడు. కొండను తవ్వి ఎలుకను పట్టామని కూడా అన్నాడు. వాగొడ్డుపల్లె ఆ ఎలుకకు మనసులోనే దండం పెట్టుకుంది.

యాకయ్య లెక్క మాత్రం అక్కడితో తేలలేదు. సారు ఆయన వైపు తిరిగాడు. నిజం చెప్పినందుకు కేసు పెట్టడం లేదన్నాడు. "కానీ నిన్ను గోదాములో పెడితే రేపు అక్కడ బంగారం పుడుతుందయ్యా. నా వల్ల కాదు."

యాకయ్య తల వంచుకున్నాడు. చొక్కా గుండీలు ఒక్కటొక్కటి విప్పడం మొదలుపెట్టాడు. ఏడవకూడదని అనుకున్నాడు గాని, మూడో గుండీ దగ్గర ముక్కు కారింది.

జీపు ఎక్కబోతూ సారు ఆగాడు. మళ్లీ కొట్టంలోకి వచ్చి ఒక రాయి మీద బొటనవేలు రాశాడు. గోదాములో ఎన్నో ఏళ్ల రాళ్లు బురద పట్టి, దుమ్ము పట్టి, ఏది ఇసుకరాయో ఏది మట్టిరాయో తెలియకుండా పడి ఉన్నాయని, వాటిని కడగమంటే ప్రతివాడూ రెండు చెంబులు చల్లి పోతాడని, వెంట్రుకవాసి పొర కూడా కనబడేలా కడిగిన రాళ్లు తన సర్వీసులో చూడలేదని అన్నాడు. అలాంటి చెయ్యి గోదాముకు కావాలని, ఎవరు కడిగారని అడిగాడు.

అందరూ యాకయ్య వైపు చూస్తున్నారు. చిలుకమ్మ కూడా ఆయన వైపే చూస్తోంది. నేనని ఆమె అనదు. ఆయన కల మీద ఆమె చెయ్యి వెయ్యదు, రాళ్ల మీద వేసినట్టు.

"రాసుకోండ్రి సారు," అన్నాడు. "చిలుకమ్మ. నా పెండ్లాం."

కడగవచ్చు, తుడవవచ్చు, అంకెల జోలికి పోవద్దు, పేర్చవద్దు అన్న షరతు మీద సారు గోదాముకు ఆమె పేరు రాసుకున్నాడు. పేర్చవద్దనే మాట చిలుకమ్మతో రెండుసార్లు చెప్పించుకున్నాడు.

వారం తిరిగాక పొద్దున్నే భూపాలపల్లి ఆటో కోసం ఇద్దరూ రోడ్డు మీద నిలబడ్డారు. చిలుకమ్మ మీద ఖాకీ చొక్కా కాస్త వదులుగా ఉంది. యాకయ్య చేతిలో ఆమె సద్దిగిన్నె ఉంది. వంట ఆయనే చేశాడు, అన్నం కొంచెం మెత్తబడింది. ఆటో కనబడగానే ఆయన తన మెడలోంచి విజిల్ తీసి ఆమె మెడలో వేశాడు.

"గిది నాకెందుకు? తాళమేసిన గోదాంల రాళ్లను ఎవ్వలు ముట్టుకుంటరు?"

"నువ్వే," అన్నాడు యాకయ్య. "పేర్చబుద్ధయినప్పుడు ఊదుకో."